ఐమూల గోడ... బొమ్మలో ఎందుకు చిక్కిపోతుంది?

ఇంటికి ముగ్గు పోయకముందే ఇంటి బొమ్మ సెల్‌ఫోన్‌లోకి వచ్చేసే రోజులివి. పిట్టగోడ మీద చెక్కరంగు పట్టీలు, బాల్కనీకి గాజు పలకలు, గేటు ముందు ఎవరిదో ఎర్రకారు, దాని పక్కన మన ఊళ్లో ఎన్నడూ మొలవని చెట్టు... ఆ బొమ్మను అమ్మానాన్నలు చూస్తారు. వియ్యాలవారికి పంపిస్తారు. అమెరికాలో ఉన్న మేనమామ ‘బాగుందిరా, ఆ రంగొక్కటీ మార్చండి’ అంటాడు. అందరూ సరేనన్నాకే పని మొదలు. ‘ఎలివేషన్’ అన్న మాట అలా మన ఇళ్లలో తెలుగు మాటే అయిపోయింది.

గోడలన్నీ మూలమట్టానికి సరిపోయే ఇంటికైతే ఆ బొమ్మతో పెద్ద పేచీ ఉండదు. స్థలం క్రాస్ వచ్చి, ఒక గోడ ఐమూలగా తిరిగిందా... అక్కడే చిక్కు. బొమ్మలో పదడుగులు కనిపించిన గోడ కట్టేసరికి పద్నాలుగు దాటుతుంది. నాలుగడుగుల కిటికీ బొమ్మలో మూడడుగులైనా ఉండదు. అలాగని కంప్యూటర్ తప్పు చేసిందా అంటే, లేదు. గీసినవాళ్లు అబద్ధమాడారా అంటే, అదీ లేదు. అయినా సరే, ఆ కాగితం పట్టుకుని కొలతలు తీస్తే వడ్రంగి చేసుకొచ్చిన టేకు చట్రం గోడలో బొత్తిగా చిన్నబోతుంది.

రోడ్డు తిరిగితే గోడా తిరుగుతుంది

భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోని చండ్రుగొండనే తీసుకుందాం. 2016లో కొత్త జిల్లాలు వచ్చేదాకా ఇది ఖమ్మం జిల్లా మండలం. అడవి అంచు ప్రాంతం. ఇలాంటి చోట్ల ఇళ్ల స్థలాలు గళ్ల నోటుపుస్తకంలో గీసినట్టు ఎందుకుంటాయి? బాట ముందు పుడుతుంది, ఇళ్లు తర్వాత వస్తాయి. వాగును తప్పించుకోవడానికి బాట ఓ వంపు తిరిగితే, దాని పక్క స్థలమూ తిరగాల్సిందే. సత్తుపల్లి బొగ్గు కోసం కొత్తగూడెం నుంచి వేసిన సుమారు 54 కిలోమీటర్ల రైలు మార్గం కూడా ఈ మండలం మీదుగానే వెళ్తుంది. రైలుకు పొలంగట్లతో పనేముంది! రోడ్డయినా పట్టాలైనా నేలను ఐమూలగా కోసుకుంటూ పోతే చివర మిగిలేది కోణాల ముక్కే. అన్నదమ్ములు పంచుకునేటప్పుడు ఆ ముక్క ఎవరికో ఒకరి వాటాకి వస్తుంది.

పట్టణాల్లోనైతే ప్రభుత్వమే మూల కోయమంటుంది. రెండు రోడ్లు కలిసే చోట, మలుపు తిరిగే బండికి అవతలి బండి కనపడాలని కార్నర్ స్థలంలో మూలను ఐమూలగా వదిలిపెట్టాలన్న నిబంధన 2012లో వచ్చిన 168వ నంబరు జీవోలో ఉంది. ఎంత వదలాలన్నది రోడ్డు వెడల్పును బట్టి. వదిలిన మూల వెంబడే ఇంటి గోడనూ తిప్పేసుకుంటే జాగా కలిసొస్తుందని చాలామంది ఆశ.

అన్నట్టు, ఐమూల గోడలు మనకేం కొత్త కాదు. హనుమకొండ వేయిస్తంభాల గుడి, పాలంపేట రామప్ప గుడి నక్షత్రాకారంలో మలిచిన కాకతీయుల కట్టడాలు. ఎదురుగా నిలబడి తీసిన ఫొటోలో ఆ మలుపులన్నీ ఒకదాంట్లో ఒకటి ఒదిగిపోతాయి. చుట్టూ తిరిగి చూస్తేగానీ ఏ మలుపు ఎంత పొడవో తెలియదు. మన క్రాస్ గోడ సంగతీ అంతే. కాకపోతే కాకతీయుల శిల్పి చేతిలో ఎలివేషన్ ప్రింటవుట్ లేదు!

తలుపు దగ్గరకు వెళ్లండి

బొమ్మలో గోడ ఎందుకు చిక్కిపోతుందో అర్థం కావడానికి కంప్యూటర్ అక్కర్లేదు. మీ ఇంట్లో మూడడుగుల తలుపు మూసి, ఎదురుగా కాస్త దూరంగా నిలబడండి. మూడడుగులూ కనిపిస్తుంది. సగం తెరవండి. ఇప్పుడు అది ఆక్రమించినట్టు కనిపించే వెడల్పు రెండడుగుల ఒక అంగుళం, అంతే. పూర్తిగా తెరిస్తే తలుపు మందం తప్ప ఏమీ కనపడదు. తలుపేమైనా చిక్కిందా? లేదు. అది తిరిగింది, మనం తిరగలేదు. ఇందులో ఇంకో సంగతి కూడా గమనించండి. తలుపు ఎత్తు మాత్రం ఎప్పుడూ తగ్గదు. క్రాస్ గోడ మోసం చేసేది వెడల్పులోనే.

ఎలివేషన్ అనే బొమ్మ పుట్టిందే ఈ సూత్రం మీద. ఇంటి ముందు ఓ పెద్ద అద్దం నిలబెట్టి, ఇంటి ప్రతి మూల నుంచీ అద్దం మీదకు తిన్నగా ఓ దారం లాగి, తగిలిన చోట చుక్క పెడితే వచ్చేది ఎలివేషన్. అద్దానికి సమాంతరంగా ఉన్న గోడ కొలత చెడదు. ఐమూలగా ఉన్నది కుదించుకుపోతుంది. ఈ గీతల లెక్కను ఓ శాస్త్రంగా కూర్చినవాడు ఫ్రాన్సుకు చెందిన గాస్పార్ మోంజ్. కోటగోడలు కట్టే సైనిక పాఠశాలలో ఆయన కనిపెట్టిన ఈ పద్ధతిని అక్కడి సైన్యం చాలా ఏళ్లు గుట్టుగా దాచుకుంది. 1795లో ఆయన బహిరంగంగా పాఠాలు చెప్పాకే లోకానికి తెలిసింది. ఇప్పుడు ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చదివే పిల్లలకు అది మామూలు పాఠం.

ఎంత కుదించుకుపోతుంది? పదడుగుల గోడ పది డిగ్రీలు తిరిగితే బొమ్మలో తొమ్మిది అడుగుల పది అంగుళాలు. ముప్ఫై డిగ్రీలైతే ఎనిమిది అడుగుల ఎనిమిది అంగుళాలు. నలభై అయిదుకు ఏడు అడుగుల ఒక అంగుళం. అరవై డిగ్రీలకు సగానికి సగం, అయిదడుగులే. నన్నడిగితే వీటిలో ప్రమాదకరమైనది అరవై కాదు, పది. అరవై డిగ్రీల గోడను చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. పది డిగ్రీలది కంటికి తిన్నగానే కనిపిస్తుంది. ముప్ఫై అడుగుల ముందుగోడలో అయిదున్నర అంగుళాలు ఎటు పోయాయో తెలియక మేస్త్రీ, ఇంజినీరు ఒకరినొకరు అనుకుంటారు.

పదడుగులా? పద్నాలుగా?

ఓ ఇల్లు ఊహించుకుందాం. తూర్పు ముఖం. ముందుభాగం మొత్తం ముప్ఫై అడుగులు. ఆగ్నేయ మూలలో రెండు రోడ్లు కలుస్తున్నాయి కాబట్టి అక్కడ అటు పదడుగులు, ఇటు పదడుగులు వదిలి గోడను ఐమూలగా వేశారు. నేల నుంచి పిట్టగోడ పైదాకా పదమూడు అడుగుల ఎత్తు.

ముందు ఎలివేషన్‌లో ఏం కనిపిస్తుంది? తిన్నగా ఉన్న ఇరవై అడుగులు, క్రాస్ గోడ పదడుగులు. నిజంగా ఆ క్రాస్ గోడ పొడవు పద్నాలుగు అడుగుల రెండు అంగుళాలు. ఈ గోడకంతా రాయి అతికించాలనుకున్నారు. బొమ్మ చూసి లెక్కేస్తే 130 చదరపు అడుగులు. నిజంగా కావాల్సింది దాదాపు 184. చదరపు అడుగు 150 రూపాయలనుకున్నా ఎనిమిది వేలపైన తేడా. డబ్బు సంగతి అటుంచండి. రాయి మధ్యలో అయిపోయి మళ్లీ దుకాణానికి వెళ్తే, అదే రంగు, అదే చార దొరుకుతుందన్న నమ్మకం ఉండదు. ఇల్లున్నన్నాళ్లూ గోడ మీద అతుకు కనపడుతూనే ఉంటుంది.

ఇంకో విచిత్రం. ఇదే గోడ దక్షిణం వైపు ఎలివేషన్‌లోనూ కనిపిస్తుంది, అక్కడా పదడుగులే. ముందు బొమ్మలో 130, పక్క బొమ్మలో 130 కలిపి 260 అని రాసుకునేవాళ్లూ ఉంటారు. అంటే ఒక్క బొమ్మ చూస్తే సరుకు చాలదు, రెండూ కలిపితే మిగిలిపోతుంది!

కిటికీల దగ్గరే అసలు దెబ్బ. క్రాస్ గోడలో నాలుగడుగుల కిటికీ పెట్టాలనుకుంటే, ముందు ఎలివేషన్‌లో అది రెండడుగుల పది అంగుళాలుగా కనపడాలి. గీసేవాళ్లు ఆ లెక్క మరచి బొమ్మలోనే నాలుగడుగులు వేసేశారనుకోండి, గోడలో దానికి దాదాపు అయిదడుగుల ఎనిమిది అంగుళాల కంత కావాలి. బొమ్మ సరిగ్గానే గీసినా, వడ్రంగి స్కేలు పెట్టి కొలుచుకుని రెండడుగుల పది అంగుళాలకు చట్రం చేస్తే? టేకు ధర తెలిసిన ఇల్లాలికి ఆ పూట అన్నం సహించదు.

మీట నొక్కితే కాదు, తిప్పితే వస్తుంది

విరుగుడు ఒక్కటే. క్రాస్ గోడకు ఎదురుగా వెళ్లి నిలబడి, దానికంటూ విడిగా మరో ఎలివేషన్ గీయడం. సాఫ్ట్‌వేర్లలో దీనికి దారులున్నాయి. చాలామంది అటు పోరు, అంతే.

1982లో వచ్చిన ఆటోక్యాడ్ ఇప్పటికీ మన ఊళ్లలో ప్లాన్లు గీసేవాళ్లకు అన్నం పెడుతోంది. అందులో కొలిచే అక్షాలను మన అవసరం కొద్దీ తిప్పుకోవచ్చు. ‘యూసీఎస్’ కమాండ్ ఇచ్చి, ‘ఆబ్జెక్ట్’ అని చెప్పి క్రాస్ గోడ గీతను తాకితే అక్షాలు దాని వెంట పడుకుంటాయి. ఆపైన ‘ప్లాన్’ కమాండ్ ఇస్తే తెర మొత్తం తిరిగి, ఐమూల గోడ తిన్నగా కనిపిస్తుంది. ఇక గోడ చివర్లు, కిటికీ అంచుల నుంచి కిందికి నిలువు గీతలు దించి ఎత్తులు గుర్తిస్తే అసలైన బొమ్మ వచ్చేస్తుంది. డ్రాయింగ్ బోర్డు, టీ-స్క్వేర్ రోజుల్లో కాగితాన్నే తిప్పి పిన్నులు గుచ్చేవారు. పని అదే, చెయ్యి మారింది.

ఆటోక్యాడ్‌లోనే ఇంకో చిన్న కిటుకు. కొలతలు వేయడానికి ‘లీనియర్’ అని ఒకటి, ‘అలైన్డ్’ అని ఒకటి ఉంటాయి. ప్లాన్‌లో మన క్రాస్ గోడ మీద లీనియర్ వాడితే పదడుగులని రాస్తుంది. అలైన్డ్ వాడితే పద్నాలుగు అడుగుల రెండు అంగుళాలు. రెండూ తప్పు కాదు. ఇటుకలు కొనడానికి పనికొచ్చేది మాత్రం రెండోదే.

2000లో మొదలై, 2002లో ఆటోడెస్క్ కంపెనీ చేతికొచ్చిన రెవిట్ తీరు వేరు. అందులో ఇంటిని నిలువుగా కట్టేస్తే ఎలివేషన్లు దానంతట అవే వస్తాయి. అయితే మామూలుగా వచ్చేవి నాలుగు దిక్కులవే. ఎలివేషన్ గుర్తును క్రాస్ గోడ దగ్గరికి తీసుకెళ్తే అది ఆ గోడకేసి తిరుగుతుంది. అక్కడ వదిలితే అయిదో ఎలివేషన్ సిద్ధం. వెనకాల దూరంగా ఉన్న గోడలు కూడా బొమ్మలోకి చొరబడకుండా చూపుకి హద్దు పెట్టుకోవడం మరవకూడదు.

స్కెచప్ కూడా 2000లోనే వచ్చింది. 2006లో గూగుల్ దాన్ని కొని ఉచితంగా ఇచ్చాక చిన్న ఊళ్ల కుర్రాళ్లకూ చేరువైంది. 2012 నుంచి ట్రింబుల్ సంస్థది. అందులో తెర తెరవగానే కనిపించేది కంటికి ఇంపైన దృశ్యం. దగ్గరిది పెద్దగా, దూరానిది చిన్నగా ఉంటుంది. దాని మీద ఏ కొలతా తీయకూడదు. ‘ప్యారలల్ ప్రొజెక్షన్’కు మార్చి, క్రాస్ గోడ మీద కుడి క్లిక్ చేసి ‘అలైన్ వ్యూ’ అంటే ఆ గోడ మన ముఖానికి ఎదురుగా వచ్చి నిలబడుతుంది. ఇక స్థలం ఫొటో పెడితే చాలు, క్షణంలో ఎలివేషన్ చేసిచ్చే కృత్రిమ మేధ యాప్‌లు ఇప్పుడు వచ్చేశాయి. ముచ్చటకు పర్వాలేదు. ఆ బొమ్మల్లో కొలతన్నదే లేదు, దాన్ని చూసి ఇటుక పేర్చడమంటే పెళ్లిచూపుల ఫొటో చూసి జాకెట్టు కుట్టించడమే.

టైల్స్ లెక్కపెట్టండి

సాఫ్ట్‌వేర్ రాని వాళ్లకు బొమ్మ సరైనదో కాదో ఎలా తెలుస్తుంది? ముందు ఎలివేషన్‌లో క్రాస్ గోడ మీద టైల్స్ చూడండి. రెండడుగుల టైలు తిన్నటి గోడ మీద రెండడుగుల వెడల్పుతో కనిపిస్తే, నలభై అయిదు డిగ్రీల గోడ మీద ఒక అడుగు అయిదు అంగుళాలుగానే కనిపించాలి. నిలువు గీతలు దగ్గరదగ్గరగా రావాలి. మన ఉదాహరణలో ఆ గోడకు అడ్డంగా ఏడు టైల్స్ పట్టాలి, చివర చిన్న ముక్క. బొమ్మలో అయిదే ఉన్నాయా? అయితే గీసినవాళ్లు గోడ తిరిగిందన్న సంగతి పట్టించుకోకుండా ‘హ్యాచ్’ నింపేశారన్నమాట. టైల్స్ దగ్గర పట్టించుకోని చెయ్యి కిటికీ దగ్గర పట్టించుకుందని నమ్మడమెలా?

సన్‌షేడ్ కూడా చూడాలి. గోడలు కలిసే మూలలో రెండడుగుల సన్‌షేడ్ గోడతోపాటే తిరుగుతుంది కదా. నలభై అయిదు డిగ్రీల మలుపులో దాని బయటి అంచు, గోడ మూల దాటి ఒక్కో పక్కకు సుమారు పది అంగుళాలు అదనంగా పోతుంది. గోడతో సమానంగా ఆపేసి గీస్తే సెంట్రింగ్ చెక్కలు కొట్టేవాళ్లు అలాగే ఆపేస్తారు. మూల మీద కంత. వానాకాలం జల్లు తిన్నగా ఆ మూలలోంచే గోడ మీదకు.

ఇల్లు చదరం, ప్రహరీ క్రాస్

వాస్తు పట్టింపు ఉన్నవాళ్లకు ఈ గోడలతో ఇంకో తలనొప్పి. ఈశాన్యం పెరిగితే మంచిదంటారు, తెగితే వద్దంటారు. అందుకే ఏ మూల కోస్తున్నామన్నది ఎలివేషన్ దాకా రాకుండా ప్లాన్ దగ్గరే తేల్చుకోవాలి. ముందు బొమ్మ చూస్తే ఇల్లు నిండుగానే కనిపిస్తుంది, తెగిన మూల అందులో దాక్కుంటుంది. బొమ్మ అంతా అయ్యాక సిద్ధాంతిగారు వచ్చి కాదన్నారంటే కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రాడికి మళ్లీ మొదటికొస్తుంది.

అసలు గోడ తిప్పాలా అన్నది ఇంకో ప్రశ్న. చండ్రుగొండ మండలం బెండాలపాడులో 2025 సెప్టెంబరు 3న ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి ఇందిరమ్మ ఇళ్ల గృహప్రవేశాల్లో పాల్గొన్నారు. 2024 మార్చిలో భద్రాచలంలో మొదలైన ఆ పథకం కింద ఇచ్చేది 5 లక్షల రూపాయలు. ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గకూడదు, 600 దాటకూడదు. అంత చిన్న ఇంట్లో అటు పది, ఇటు పది కోసేస్తే 50 చదరపు అడుగులు పోతాయి. పోనీ మిగిలిన మూలన్నా అక్కరకొస్తుందా అంటే, బీరువా ఆనదు, మంచం పట్టదు. టైల్స్ కోతలో ముక్కలు వృథా. అలాంటి ఇంటికి గోడ తిప్పకపోవడమే మేలనిపిస్తుంది. ఇంటిని చదరంగా కట్టుకుని, వంకర అంతా వాకిట్లోకి వదిలేస్తే సరి. ప్రహరీ రోడ్డు వెంట ఎటైనా తిరగనీయండి. ఆ ముక్కోణపు జాగాలో కరివేపాకు చెట్టో, బండి నిలిపే చోటో వస్తుంది. పెద్ద ఇల్లు, రోడ్డు మీద దుకాణం గది వేసుకునేవాళ్ల లెక్క వేరు. దుకాణానికి రెండు రోడ్ల వాళ్లకీ కనిపించే క్రాస్ గోడే బోర్డు పెట్టడానికి వాటం.

సరే, గోడ తిప్పాలనే నిశ్చయించుకున్నారు. గీసేవాళ్లకు డబ్బులిచ్చే ముందే అడగండి: ముందు, పక్క ఎలివేషన్లతోపాటు ప్రతి క్రాస్ గోడకూ విడి ఎలివేషన్ ఇస్తారా? ప్లాన్‌లో ఏ గోడను ఎటు నుంచి చూసి గీశారో బాణం గుర్తు, దానికో అక్షరం ఉండాలి. వీలైతే ముందుభాగమంతా ఒకే వరుసలో పరిచి గీసిన బొమ్మ కూడా తీసుకోండి. మిఠాయి డబ్బాను విప్పి నేల మీద పరిస్తే నాలుగు పక్కలూ బారుగా వస్తాయి చూడండి, అలాంటిదన్నమాట. మన ఉదాహరణలో అది ముప్ఫై అడుగులకు బదులు ముప్ఫై నాలుగు అడుగుల రెండు అంగుళాలుంటుంది. రాయి, రంగు, టైల్స్ లెక్కకు అదే ఆధారం. వడ్రంగికి, గ్రిల్ చేసేవాళ్లకు బొమ్మను అసలు పంపొద్దు. కిటికీల పట్టిక విడిగా రాయించి ఇవ్వండి. అందులో కొలత అంకెల్లో ఉంటుంది, స్కేలుతో పనిలేదు.

కోణాన్ని డిగ్రీల్లో రాసి వదిలేయొద్దని కూడా చెప్పండి. మేస్త్రీ సంచిలో తాపీ, తూకంగుండు, మట్టం, టేపు ఉంటాయి. డిగ్రీలు కొలిచేది ఉండదు. మూలమట్టం చూడటానికి ఆయన మూడు, నాలుగు, అయిదు అడుగుల లెక్క వాడతాడు. ఐమూలకు కూడా అలాంటి లెక్కే ఇవ్వాలి. ముందుగా మూల కోయనట్టే దారం కట్టి చదరం చూసుకుంటాడు. ఆ మూల నుంచి ఉత్తరానికి పదడుగుల దగ్గర ఒక మేకు, పడమటికి పదడుగుల దగ్గర ఇంకో మేకు. రెంటికీ మధ్య దారం లాగి టేపు పెడితే పద్నాలుగు అడుగుల రెండు అంగుళాలు రావాలి. రాకపోతే మూలమట్టం మళ్లీ చూసుకోవాలి. వస్తే ముగ్గు పోయొచ్చు.